అమాక్సిసిలిన్: ఎవరికి ఎంత, ఎలా

అమాక్సిసిలిన్ బ్యాక్టీరియాపై పనిచేసే యాంటీబయాటిక్. ఇది పెన్సిలిన్ జాతి మందు కాబట్టి, గతంలో పెన్సిలిన్ పడక దద్దుర్లు లేచినవారు, ముఖం వాచినవారు, ఆయాసపడినవారు ఆ సంగతిని డాక్టరు అడగకపోయినా ముందే చెప్పాలి. జలుబుకు, ఫ్లూకు కారణం వైరస్‌లు కనుక వాటిపై ఇది పనిచేయదు.

పెద్దలకు సాధారణంగా 8 గంటలకొకసారి 250 లేదా 500 మి.గ్రా. రాస్తారు. దీన్ని తిన్నాకైనా, తినకముందైనా వేసుకోవచ్చు గానీ, క్లావులానిక్ ఆమ్లం (ఈ మందుకు లొంగని బ్యాక్టీరియాపైనా అది పనిచేసేలా సాయపడే పదార్థం) కలిసిన బిళ్లను మాత్రం భోజనం మొదలుపెడుతూ వేసుకోవాలి. ఒక పూట మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలి; తర్వాతి మోతాదు వేళ దగ్గరపడితే మరిచినదాన్ని వదిలేయాలే తప్ప రెండూ కలిపి మింగకూడదు.

ఎక్కువ పొరపాట్లు జరిగేది పిల్లల సిరప్ దగ్గరే. 40 కిలోలలోపు పిల్లలకు డాక్టరు బరువును బట్టి లెక్కకడతారు. ఉదాహరణకు కిలోకు రోజుకు 25 మి.గ్రా. చొప్పున రాస్తే, 10 కిలోల బిడ్డకు రోజుకు 250, రెండు పూటలకు పంచితే పూటకు 125 మి.గ్రా. అవుతుంది. 5 మి.లీ.లో 125 మి.గ్రా. ఉండే సీసా అయితే అది 5 మి.లీ.; 5 మి.లీ.లో 250 ఉండే సీసా అయితే 2.5 మి.లీ. మాత్రమే. అందుకే షాపులో వేరే సీసా ఇచ్చినప్పుడు పాత కొలతతో పోయకూడదు. మూడు నెలలలోపు పసికందుల లెక్క వేరు.

సీసాలో పొడిగా వచ్చే సిరప్ మందు కలిపేటప్పుడు ముందు సీసాను తట్టి అడుగున అంటుకున్న పొడిని విడదీసి, కాచి చల్లార్చిన నీటిని సీసా మీది గీతకు కాస్త కిందివరకు పోసి, మూతపెట్టి బాగా ఊపాలి. నురుగు అణిగాక మట్టం దిగుతుంది. మళ్లీ గీత వరకు నీళ్లు పోయకపోతే మందు చిక్కబడి ప్రతి కొలతలోనూ మోతాదు పెరుగుతుంది. ఇంట్లో చెంచాలన్నీ ఒక్క సైజువి కావు కనుక సిరంజితోనో, సీసాతో వచ్చిన కొలతమూతతోనో పోయాలి. పోసే ప్రతిసారీ సీసాను ఊపాలి, కలిపిన తేదీని దానిమీద రాసి, లేబుల్ చెప్పిన గడువు దాటాక పారేయాలి.

ఈ మందు ఎక్కువగా మూత్రంలోనే పోతుంది కాబట్టి వృద్ధుల విషయంలో వయసుకన్నా కిడ్నీల పనితీరే ముఖ్యం. జీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని వడగట్టే వేగాన్ని చెప్పే అంకె) 30 కన్నా తగ్గితే 12 గంటలకొకసారి, 10 కన్నా తగ్గితే రోజుకొకసారి ఇస్తారు. ఆ అంకెను లెక్కకట్టడానికి వాడే క్రియాటినిన్ రక్తపరీక్ష రిపోర్టును ఇంట్లో వదిలేసి వచ్చేవారే ఎక్కువ. దాన్ని తప్పక చూపించాలి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారికి ఐఎన్ఆర్ (రక్తం ఎంత త్వరగా గడ్డకడుతుందో చూసే) పరీక్ష తరచుగా అవసరమవుతుంది. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు అవసరమైతే డాక్టర్లు దీన్ని రాస్తారు. పాలు తాగే బిడ్డకు విరేచనాలు పట్టాయేమో గమనించుకోవాలి.

ఊపిరి అందకపోయినా, పెదవులు వాచినా మందు ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. నీళ్ల విరేచనాలు ఆగకపోయినా, రక్తం పడినా, మందు ముగిసి రెండు నెలలైనా సరే, విరేచనాలు కట్టే బిళ్ల సొంతంగా వేసుకోకుండా డాక్టరుకు చూపించి, ఈ మందు వాడిన సంగతి చెప్పాలి.