నాలుగైదేళ్ళ పాపని వెంటబెట్టుకుని ఫ్రెండ్స్‌తో చెరువుకి గాలం వేయడానికి వెళ్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

పాప వస్తోందంటే ఆ రోజు పెద్ద చేపల ఆశ కాస్త పక్కన పెట్టాల్సిందే, ఈ మాట బయల్దేరే ముందు రోజే ఫ్రెండ్స్ అందరికీ తెగేసి చెప్పండి. గుంపులో ఒకడు ఉంటాడు, చప్పుడైతే చేపలు బెదిరిపోతాయని అందరి మీదా విసుక్కునేవాడు. అతను కాస్త దూరంగా వేరే చోటు చూసుకుంటే అందరికీ హాయి, ఇందులో నొచ్చుకోవడానికేమీ లేదు.

అన్నిటికంటే ముఖ్యం నీళ్ళ దగ్గర కాపలా. పెద్దవాళ్ళు నలుగురున్నారు కదా, చూస్తూనే ఉంటాంలే అనుకుంటారు, కానీ అందరూ చూస్తున్నారంటే ఎవరూ చూడట్లేదనే లెక్క. అందుకే వంతులు పెట్టుకోండి. ఒక్కొక్కరికి 15, 20 నిమిషాలు. వంతులో ఉన్నవాళ్ళ చేతిలో గాలం ఉండకూడదు, ఫోన్ అసలే ఉండకూడదు, చెయ్యి చాస్తే పాప అందేంత దగ్గర్లో ఉండాలి. వంతు మారేటప్పుడు ‘ఇక నువ్వు చూడు’ అని నోటితో చెప్పాలి, అవతలివాళ్ళు సరే అన్నాకే కదలాలి. మునిగిపోయే పిల్లలు చాలాసార్లు అరవరు, చేతులూ ఊపరు, ఊపిరికే సందు దొరకనప్పుడు గొంతు ఎక్కడ లేస్తుంది? కాబట్టి చప్పుడు వినబడితే పరిగెత్తుదాం అనే ధీమా పనికిరాదు.

లైఫ్ జాకెట్ పాప బరువుకి సరిపోయేది తీసుకుని, ఒడ్డుకి చేరకముందే తొడిగేయండి. బకిల్స్ అన్నీ పెట్టాక జాకెట్ భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి, అది గడ్డం దాటి చెవుల దాకా వచ్చేస్తోందంటే వదులుగా ఉన్నట్టే. గాలి ఊది చేతులకి తొడిగే బుడగల్లాంటివి దీనికి బదులు కావు.

చోటు విషయానికొస్తే, గట్టి నేల, నెమ్మదిగా వాలే ఒడ్డు, కాస్త నీడ. రాళ్ళు పేర్చిన నిటారు కట్టలు, నాచు పట్టిన మెట్లు వద్దు. తలెత్తి ఒకసారి పైకి చూడండి, కరెంటు తీగలుంటే అక్కడ కర్ర విప్పొద్దు. గడ్డి, తూటి ఉన్న అంచులూ, నీళ్ళ మీదికి వంగిన చెట్ల నీడా చిన్న చేపలకి ఇష్టమైన చోట్లు, అవి ఒడ్డుకి దగ్గర్లోనే దొరుకుతాయి కాబట్టి గాలం దూరంగా విసరాల్సిన పనే ఉండదు. అక్కడ చేపలు పట్టడానికి అనుమతి కావాలా, గుడ్లు పెట్టే కాలంలో నిషేధం ఉందా అన్నది ముందే కనుక్కోండి. ఎండ ముదరక ముందు, పొద్దున్నే అయితే మేలు. రెండు గంటలు చాలు.

పాపకి రీలు ఉన్న రాడ్ ఇవ్వొద్దండీ, దారం చిక్కులు విప్పడంతోనే రోజు గడిచిపోతుంది. ఆరడుగుల తేలికైన కర్ర, దాదాపు అంతే పొడవు దారం, నీళ్ళ మీద తేలే ఒక బెండు, కింద చిన్న సీసం గుండు, 8 లేదా 10 నంబరు కొక్కెం, అంతే. (ఈ సైజుల్లో నంబరు పెరిగేకొద్దీ కొక్కెం చిన్నదవుతుంది, కొనేటప్పుడు తికమకపడొద్దు.) కొక్కెం మొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లుని ప్లయర్‌తో నొక్కేయండి. ఒకటి రెండు చేపలు జారిపోతే జారిపోతాయి, వేలికి గుచ్చుకున్నా సులువుగా వచ్చేస్తుంది.

ఎరకి వానపామే బెస్ట్. మొత్తం గుచ్చి తోక వేలాడదీస్తే చిన్న చేపలు ఆ తోకనే కొరుక్కుని పోతాయి, అందుకే గోరంత ముక్క తుంచి కొక్కేనికి ఎక్కించండి. నీళ్ళలో బెండు నిలువుగా నిలబడాలి. పడుకునే ఉందంటే సీసం నేలకి ఆనిందని అర్థం, బెండుని కొంచెం కిందికి జరపండి. ఇక పాపకి చెప్పాల్సింది ఒక్కటే: బెండు సన్నగా వణికితే ఊరుకో, మునిగినా పక్కకి జరిగిపోయినా కర్ర పైకెత్తు. పిల్లలు ఎత్తమంటే రెండు చేతులతో బలమంతా పెట్టి లాగేస్తారు, చేప తల మీదుగా వెళ్ళి వెనకాల ఎక్కడో పడుతుంది, దానితోపాటు కొక్కెం కూడా. కాబట్టి ఎవరూ పాప వెనక నిలబడొద్దు, టోపీలూ కళ్ళద్దాలూ అందరికీ ఉండాలి. పెద్దవాళ్ళు గాలం విసిరేటప్పుడు కూడా వెనక ఎవరున్నారో చూసుకోవాలి.

చేప పడితే పట్టుకునే ముందు చేతులు తడుపుకోండి, పొడి చేతులకి దాని ఒంటి జిగురు అంటుకుపోతుంది, వదిలేసినా తర్వాత జబ్బు పడొచ్చు. మీసాల చేపలైతే పాప చేతికి ఇవ్వొద్దు, రెక్కల దగ్గరుండే ముళ్ళు గట్టిగా గుచ్చుకుంటాయి. ఉంచుకోవాలా వదిలేయాలా అన్నది ముందే అనుకుంటే మంచిది, లేకపోతే బకెట్లో ఉన్నదానికి పాప ఓ పేరు కూడా పెట్టేస్తుంది, తర్వాత ఏం చేస్తారో మీ ఇష్టం.

కొక్కెం లోతుగా దిగినా, కంటి దగ్గర గుచ్చుకున్నా లాగే ప్రయత్నం చేయకుండా దారం కోసేసి, కొక్కెం కదలకుండా డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

అరగంటకల్లా పాపకి విసుగొస్తుంది, అది మామూలే. చిన్న బకెట్, చేతి వల, వానపాముల డబ్బా ఇచ్చేయండి. రాళ్ళు విసురుతానంటే గాలాలు లేని వైపు చూపించండి. తినే ముందు మాత్రం సబ్బుతో చేతులు కడిగించండి. ఉరుము వినబడితే వెంటనే సర్దుకుని కారెక్కేయాలి, కార్బన్ రాడ్‌ల గుండా కరెంటు పారుతుంది, ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా ఒడ్డుకి రావద్దు.

పాప ఏడుపు మొదలయ్యేదాకా ఆగకుండా, ఇంకాసేపు ఉందాం అంటున్నప్పుడే బయల్దేరండి. సర్దేటప్పుడు కొక్కేలు లెక్కపెట్టి మూత ఉన్న డబ్బాలో వేయండి, తెగిన నైలాన్ దారం ముక్క కూడా వదలకుండా ఏరండి, పక్షుల కాళ్ళకి చుట్టుకునేది అదే.