సర్వర్ రూమ్ పాఠాలు – 4వ భాగం: కన్సోల్ కంటే ముందు రాక్ చూడండి

గత భాగంలో ఇచ్చిన హోంవర్క్ చేశారా? రాక్ (సర్వర్లు పేర్చే ఇనుప చట్రం) దగ్గరికి వెళ్లి ప్రతి సర్వర్ మోడల్, సర్వీస్ ట్యాగ్ (దాని గుర్తింపు నంబర్), బీఎంసీ ఐపీ, దాని ఫర్మ్‌వేర్ (పరికరం లోపలే ఉండే సాఫ్ట్‌వేర్) వెర్షన్, లైసెన్స్ ఒక షీట్‌లో రాసుకోమన్నాను. చేయనివాళ్లు ఇక్కడ ఆపేసి ముందు అది చేసుకుని రండి. కోపం కాదు, ఆ షీట్ లేకుండా సర్వర్లన్నిటినీ ఒకచోట నుంచి చూసుకునే మేనేజ్‌మెంట్ కన్సోల్ ఎంచుకోవడమంటే కాలి కొలత తెలియకుండా చెప్పులు కొనడమే.

కొత్తగా చేరినవాళ్ల కోసం ఒక్క మాట. బీఎంసీ అంటే మదర్‌బోర్డ్ మీద ఉండే చిన్న కంప్యూటర్. సర్వర్ ఆపేసి ఉన్నా, కరెంట్ వైరు గుచ్చి ఉంటే చాలు అది మేలుకునే ఉంటుంది. డెల్‌లో దాని పేరు ఐడ్రాక్, హెచ్‌పీఈలో ఐలో, లెనోవోలో ఎక్స్‌క్లారిటీ కంట్రోలర్, సిస్కోలో సీఐఎంసీ. మేనేజ్‌మెంట్ కన్సోల్ చేసేదల్లా వీటన్నిటితో మాట్లాడి అంతా ఒకచోట చూపించడమే. కాబట్టి కింద బీఎంసీ ఇవ్వలేనిదాన్ని పైన ఎంత ఖరీదైన కన్సోల్ పెట్టినా ఇవ్వలేదు. సేల్స్ వాళ్లు డెమోలో ఈ ముక్క చెప్పరు. పచ్చ చుక్కలు, గుండ్రటి చార్టులు చూపిస్తారు, సార్లు తలూపుతారు, కొనుగోలు ఆర్డర్ వెళ్లిపోతుంది.

ముందు లైసెన్స్ సంగతి, ఎందుకంటే నేను దెబ్బ తిన్నది అక్కడే. కొన్నేళ్ల కింద ఒక రాత్రి రెండింటికి మా కుర్రాడు ఫోన్ చేసి "అన్నా, నోడ్ లేస్తలేదు, పింగ్ కూడ వస్తలేదు" అన్నాడు. నోడ్ అంటే మా మాటల్లో ఒక సర్వర్. నేనుండేది ఉప్పల్, సర్వర్లున్నది గచ్చిబౌలి. ల్యాప్‌టాప్ తీసి రిమోట్ స్క్రీన్ తెరిస్తే మెమరీ చెకింగ్, డిస్క్ కంట్రోలర్ మెసేజ్‌లు అన్నీ చక్కగా కనిపించాయి, సరిగ్గా ఆపరేటింగ్ సిస్టమ్ లోడవడం మొదలయ్యేసరికి లైసెన్స్ లేదని స్క్రీన్ మూసేసింది. తప్పు మాదే, కొనేటప్పుడు ఆ లైను కొట్టేసి డబ్బు మిగిల్చాం. బండి తీసుకుని ఊరు ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్లాను. వెళ్లి చూస్తే, ఫైల్ సిస్టమ్ చెక్ ఒక ప్రశ్న అడిగి జవాబు కోసం కూర్చుంది. వై అని ఒక్క అక్షరం నొక్కడానికి వెళ్లానన్నమాట.

అందుకే షీట్‌లో లైసెన్స్ గడి పెట్టమన్నది. హెచ్‌పీఈ రాక్ సర్వర్లలో ఐలో అడ్వాన్స్‌డ్ లైసెన్స్ లేకపోతే రిమోట్ కన్సోల్ ఓఎస్ మొదలయ్యేవరకే. డెల్ రాక్ సర్వర్లలో వర్చువల్ కన్సోల్ కావాలంటే ఐడ్రాక్ ఎంటర్‌ప్రైజ్ ఉండాలి. పై కన్సోల్‌లోనూ ఇదే కథ: డెల్ వాళ్ల ఓపెన్‌మేనేజ్ ఎంటర్‌ప్రైజ్, హెచ్‌పీఈ వాళ్ల వన్‌వ్యూ, లెనోవో వాళ్ల ఎక్స్‌క్లారిటీ అడ్మినిస్ట్రేటర్, వీటిలో సర్వర్లని చూడటం వరకు ఉచితమే, సెట్టింగులు టెంప్లేట్‌గా తోయడం లాంటి పనులకి మాత్రం లైసెన్స్ అడుగుతాయి. కొటేషన్ అడిగేటప్పుడు కన్సోల్ ధర, బీఎంసీ లైసెన్స్ ధర వేరువేరు లైన్లలో ఇవ్వమనండి.

తర్వాతిది భాష, అంటే కన్సోల్ బీఎంసీతో మాట్లాడే పద్ధతి. పాత భాష ఐపీఎంఐ 1998 నాటిది, 2.0 వచ్చింది 2004లో. దానిలో ఒక వింత ఉంది: యూజర్ పేరు సరిగ్గా చెబితే చాలు, లాగిన్ పూర్తవకముందే పాస్‌వర్డ్ హ్యాష్ (పాస్‌వర్డ్‌ని గుర్తుపట్టకుండా మార్చిన రూపం) మన చేతిలో పెడుతుంది, తీరిగ్గా ఇంటికెళ్లి పగలగొట్టుకోవచ్చు. ఇది ఎవరో కోడ్‌లో చేసిన పొరపాటు కాదు, స్పెసిఫికేషనే అలా రాశారు, కాబట్టి ప్యాచ్ రాదు. 2015లో డీఎంటీఎఫ్ అనే ప్రమాణాల సంస్థ తెచ్చిన రెడ్‌ఫిష్ దీనికి బదులు. వెబ్‌సైట్లు వాడే మామూలు హెచ్‌టీటీపీఎస్, మనిషి కూడా చదవగలిగే మామూలు జేసన్ టెక్స్ట్. మీ సర్వర్‌కి ఇది వచ్చో రాదో ఇప్పుడే చూడండి: బ్రౌజర్‌లో బీఎంసీ ఐపీ కొట్టి, పక్కన స్లాష్ రెడ్‌ఫిష్ స్లాష్ వీ1 అని కొట్టండి. లాగిన్ అడగకుండానే మీసాల బ్రాకెట్ల మధ్య కొంత టెక్స్ట్ వస్తుంది, అందులో రెడ్‌ఫిష్ వెర్షన్ ఉంటుంది. వస్తే షీట్‌లో టిక్. రాకపోతే ఫర్మ్‌వేర్ పాతదన్నా అయ్యుండాలి, సర్వర్ పాతదన్నా అయ్యుండాలి.

ఇక అసలు విషయం, ఫర్మ్‌వేర్. నన్నడిగితే కన్సోల్‌కి డబ్బు పెట్టేది దీనికోసమే, మిగతావన్నీ పెళ్లిలో బ్యాండు. 2019 నవంబర్‌లో హెచ్‌పీఈ ఒక హెచ్చరిక ఇచ్చింది: కొన్ని ఎస్ఏఎస్ ఎస్ఎస్‌డీలు (సర్వర్లలో వాడే ఒక రకం డిస్కులు) సరిగ్గా 32,768 గంటలు పనిచేశాక చచ్చిపోతాయి, డేటా కూడా తిరిగి రాదు. 3 ఏళ్ల 270 రోజుల 8 గంటలు. ఆ అంకె 2ని 15 సార్లు హెచ్చిస్తే వచ్చేది, గంటలు లెక్కపెట్టే గడి నిండిపోయే రకం లోపమని చూడగానే అనిపిస్తుంది. ఒక డిస్కు పోయినా మిగతావి డేటా కాపాడే రెయిడ్ ఉంది కదా అంటారా? డిస్కులన్నీ ఒకే రోజు కొని ఒకే రోజు ఆన్ చేశారు, పోయేదీ ఒకేసారి. కొత్త ఫర్మ్‌వేర్ వేస్తే సరిపోయేది, కానీ ఏ డిస్కులో ఏ వెర్షన్ ఉందో తెలియాలిగా! రెండు వందల నోడ్‌లకి ఆ లిస్టు పది నిమిషాల్లో తీసే కన్సోల్, డ్యాష్‌బోర్డ్ ఎంత వికారంగా ఉన్నా, నాకు బంగారం.

రాక్‌లో రెండు మూడు కంపెనీలవి కలిసి ఉంటే? అన్నిటికీ ఒకే కన్సోల్ అని వెతకొద్దు. ఎవరి కన్సోల్ వాళ్ల పెట్టెల్లోనే లోతుకి వెళ్తుంది, పక్కవాళ్ల సర్వర్ దగ్గర మొహమాటపడుతుంది. ఫర్మ్‌వేర్‌కి ఎవరిది వాళ్లకి పెట్టి, అలర్టులు మాత్రం జాబిక్స్ లాంటి ఒక మానిటరింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చుకోండి. సిస్కో వాళ్ల ఇంటర్‌సైట్ లాంటి కన్సోల్‌లు క్లౌడ్ నుంచి నడుస్తాయి, మీ సెక్యూరిటీ టీమ్ ఒప్పుకోదంటే లోపలే పెట్టుకునే అప్లయన్స్ రూపం కూడా ఉంది, ముందే అడగండి. కంప్యూట్ క్లస్టర్‌లో (కలిసి ఒకే పని చేసే సర్వర్ల గుంపులో) ఒకేలాంటి నోడ్‌లకి ఓఎస్ ఎక్కించే పని వేరు, దానికి మాస్, ఎక్స్‌క్యాట్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, ఏడో భాగంలో చూద్దాం.

ఈ వారం హోంవర్క్. ఒక కన్సోల్ ట్రయల్ వేసుకుని మీ దగ్గరున్న అన్నిటికంటే పాత నోడ్‌ని అందులో చేర్చండి, కొత్తది వద్దు, కొత్తదానితో అన్నీ పనిచేస్తాయి. దాని ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయండి. తర్వాత, రెండు పవర్ సప్లైలూ బాగున్నాయని చూసుకుని, ఒకదాని వైరు పీకి మెయిల్ ఎన్ని నిమిషాలకి వచ్చిందో రాసుకోండి. చివరగా కన్సోల్ నుంచి ఆ నోడ్ గుర్తింపు లైట్ వెలిగించి, రాక్ దగ్గర ఇంకొకర్ని నిలబెట్టి ఏది వెలిగిందో ఫోన్లో చెప్పమనండి. మా దగ్గర మొదటిసారి ఈ పరీక్ష పెట్టినప్పుడు నేను 14వ నోడ్ అనుకున్నది అక్కడ 16వది అయింది, స్టిక్కర్లు తారుమారు. అప్పటిదాకా ఆ షీట్ చూసే సర్వర్లు ఆపుతున్నాం.

అయిదో భాగంలో బీఎంసీలకి వేరే వీలాన్ (స్విచ్‌లో విడగొట్టిన ప్రత్యేక నెట్‌వర్క్) కట్టడం. స్విచ్ లాగిన్ సిద్ధంగా పెట్టుకోండి.