హైడ్రోజన్ సంకేతం పట్టే ముందు జాగ్రత్తలు

అక్టోబరు సాయంత్రాలలో పాలపుంత సాగే హంస రాశి విశాఖపట్నంలో నడినెత్తికి కాస్త ఉత్తరంగా నిలుస్తుంది కనుక, మేడమీద బూర ఆకారపు హార్న్ యాంటెన్నాతో, పాలపుంతలోని హైడ్రోజన్ వాయువు వెలువరించే 1420.4 మెగాహెర్ట్జ్ రేడియో సంకేతాన్ని పట్టదలచినవారు ముందుగా ఇవి సరిచూసుకోవాలి.

• రిసీవరులో, సంకేతాన్ని ఎంత పెంచాలో తనే నిర్ణయించే ఆటోమేటిక్ గెయిన్‌ను ఆపివేయండి. సంకేతం పెరిగినప్పుడల్లా అది తనంతట తానే గెయిన్ తగ్గించుకుంటుంది కనుక, రాత్రంతా తీసిన కొలతలను ఒకదానితో ఒకటి పోల్చలేము, తర్వాత ఏ లెక్కతోనూ సరిదిద్దలేము.

• హార్న్‌ను ఒకసారి నేలవైపు, ఒకసారి పాలపుంతకు దూరమైన ఆకాశంవైపు తిప్పి కొలవండి. రేడియో కొలతలో నేల ఉష్ణోగ్రత సుమారు 300 కెల్విన్లు, ఆకాశానిది కొద్ది కెల్విన్లు మాత్రమే; ఆ తేడాయే మన కొలబద్ద. తొందరలో చాలామంది వదిలేసేది ఇదే, అందుకే గట్టిగా చెబుతున్నాను.

• కనెక్టర్లను విప్పి చూడండి. సముద్రపు ఉప్పుగాలికి లోపల పచ్చటి చిలుము పడుతుంది; పైకి బిగుతుగానే ఉన్నా, అసలే బలహీనమైన సంకేతం అక్కడే సన్నగిల్లుతుంది.

• కావలసిన పౌనఃపున్యాన్నే లోపలికి వదిలే ఫిల్టరు లేకుండా మొదలుపెట్టవద్దు. దగ్గరి మొబైల్ టవర్ల ధాటికి ఆంప్లిఫయర్ నిండిపోయి, బలహీనమైన సంకేతాన్ని పట్టలేదు.

• తేదీని, సమయాన్ని రాసిపెట్టండి. భూమి సెకనుకు సుమారు 30 కిలోమీటర్ల వేగంతో సూర్యుని చుట్టూ తిరగడం వల్ల సంకేతపు పౌనఃపున్యం, తేదీని బట్టి, 140 కిలోహెర్ట్జ్ వరకు అటూ ఇటూ మారవచ్చు.

• యాంటెన్నాను తాళ్లతో కట్టండి. 2014లో హుద్‌హుద్ తుపాను వచ్చినది అక్టోబరు 12ననే.