మెల్‌బోర్న్, సిడ్నీ టెస్టులు చూడటానికి వెళ్లేవారికి ఒక ప్రణాళిక

భారత క్రికెట్ జట్టు ఆస్ట్రేలియా పర్యటనకు వెళ్లినప్పుడు తానూ వెళ్లి చూడాలనుకునే అభిమాని, అన్నిటికంటే ముందు ఏ మ్యాచ్‌లను వదులుకోవాలో తేల్చుకోవాలి. 2024–25 బోర్డర్–గవాస్కర్ సిరీస్‌నే తీసుకుంటే, నవంబరు 22న పెర్త్‌లో మొదలైన ఐదు టెస్టుల వరుస అడిలైడ్, బ్రిస్బేన్, మెల్‌బోర్న్‌ల మీదుగా సాగి జనవరి మొదటి వారంలో సిడ్నీలో ముగిసింది. ఆరు వారాలకు పైగా సెలవు, పెర్త్ నుంచి తూర్పు తీరానికి నాలుగు గంటల విమాన ప్రయాణం, ఐదు నగరాలలో బస, ఇవన్నీ కలిస్తే మధ్యతరగతి ఉద్యోగికి మోయలేని ఖర్చు అవుతుంది. అందువల్ల వరుసగా వచ్చే చివరి రెండు టెస్టులను, అంటే డిసెంబరు 26న మెల్‌బోర్న్‌లో మొదలయ్యే బాక్సింగ్ డే టెస్టును, కొత్త సంవత్సరం తొలి రోజులలో జరిగే సిడ్నీ టెస్టును ఎంచుకొని, మిగిలిన మూడింటినీ ఇంట్లో టీవీలో చూడటమే మేలని నా అభిప్రాయం. పెర్త్ పిచ్ మీద బంతి ఎగిరే తీరును కళ్లారా చూడాలని పట్టుబట్టేవారు ఉంటారు. వారి పట్టుదలను తప్పుపట్టలేను గాని, మొదటిసారి వెళ్లేవారికి మాత్రం ఆ సలహా ఇవ్వను.

ఈ రెండింటినీ ఎంచుకోవడంలో ఒక సౌకర్యం ఉంది. 2014–15, 2018–19, 2020–21, 2024–25 పర్యటనలు నాలుగింటిలోనూ భారత జట్టు ఈ రెండు మైదానాలలో ఇదే క్రమంలో ఆడింది కాబట్టి, షెడ్యూలు రాకముందే సెలవుకు ఒక అంచనా వేసుకోవచ్చు. అయితే మెల్‌బోర్న్ తేదీ స్థిరంగా ఉన్నట్టు సిడ్నీ తేదీ ఉండదు. ఆ మ్యాచ్ 2025లో జనవరి 3న, 2015లో 6న, 2021లో 7న మొదలైంది. కనుక క్రికెట్ ఆస్ట్రేలియా సీజన్ షెడ్యూలును ప్రకటించేదాకా తిరుగు ప్రయాణం టికెట్ కొనకూడదు. 2024–25 షెడ్యూలు 2024 మార్చిలోనే వచ్చింది. అంత ముందుగా తెలిసినప్పుడు తొందరపడవలసిన అవసరమే లేదు.

వీసా విషయంలో మాత్రం ఆలస్యం పనికిరాదు. కొన్ని దేశాలవారికి సులభంగా దొరికే ఈటీఏ అనుమతి భారత పాస్‌పోర్టుకు వర్తించదు. మనం సబ్‌క్లాస్ 600 విజిటర్ వీసాకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవాలి. బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆదాయపు పన్ను రిటర్నులు, ఆఫీసు నుంచి సెలవు మంజూరు లేఖ, అక్కడ పిల్లలో బంధువులో ఉంటే వారి ఆహ్వాన లేఖ జతచేయాలి. మ్యాచ్ చూడటానికే వెళ్తున్నామని దాపరికం లేకుండా రాసి, కొన్న టికెట్ల ప్రతులను కూడా పెట్టడం మంచిది. డిసెంబరు ప్రయాణానికి ఆగస్టు, సెప్టెంబరులలోనే దరఖాస్తు చేస్తే, అదనపు పత్రాలు అడిగినా సమర్పించడానికి వ్యవధి ఉంటుంది. పిల్లలను చూడటానికి ఎలాగూ వెళ్లే తల్లిదండ్రులు మన తెలుగు కుటుంబాలలో చాలామంది ఉన్నారు; అలాంటివారు ఆ ప్రయాణాన్నే డిసెంబరుకు జరుపుకుంటే విమానం ఖర్చు రెండుసార్లు పెట్టనక్కరలేదు.

టికెట్ల సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. క్రికెట్ ఆస్ట్రేలియా వెబ్‌సైట్‌లో 'ఆస్ట్రేలియన్ క్రికెట్ ఫ్యామిలీ' అనే ఉచిత సభ్యత్వం తీసుకున్నవారికి సాధారణ అమ్మకం కంటే ముందుగా కొనే అవకాశం ఇస్తారు. ఏ రోజు టికెట్ ఆ రోజుకే విడిగా ఉంటుంది. కాబట్టి ఏయే రోజులు కొనాలన్నదే అసలు ప్రశ్న. 2024–25లో ఐదు టెస్టులకు కలిపి ఇరవై ఐదు రోజులు కేటాయిస్తే, ఆట జరిగింది ఇరవై రోజులే: పెర్త్ నాలుగో రోజున, అడిలైడ్ మూడో రోజున, సిడ్నీ కూడా మూడో రోజునే ముగిశాయి. ఈ లెక్క చూసి మొదటి మూడు రోజులకే డబ్బు పెట్టాలని చాలామంది అనుకుంటారు. మూడు రోజులకు ముందే కొనడం సరైనదే, కాని చివరి రోజులను చిన్నచూపు చూడకూడదు. 2021 జనవరిలో సిడ్నీ టెస్టు ఐదో రోజున, తొడ కండరం పట్టేసినా హనుమ విహారి 161 బంతులు ఎదుర్కొని 23 పరుగులతో అజేయంగా నిలిచి, అశ్విన్‌తో కలిసి మ్యాచ్‌ను డ్రాగా ముగించాడు. పరుగులు రాని ఆ గంటలను మైదానంలో కూర్చుని చూసినవారు, కోవిడ్ ఆంక్షల వల్ల, కొద్దిమందే. 2024లో మెల్‌బోర్న్ ఐదో రోజున మాత్రం డెబ్బై వేలకు పైగా జనం వచ్చారు. ఆ రోజు టీ విరామం తర్వాత భారత్ కుప్పకూలి 184 పరుగుల తేడాతో ఓడింది గాని, మధ్యాహ్నమంతా ఏ ఫలితమైనా రావచ్చన్న ఉత్కంఠ ఉంది. చివరి రోజు టికెట్లు ముందు రోజు సాయంత్రం కూడా తేలిగ్గా, తక్కువ ధరకే దొరుకుతాయి. అందుకని ఆ రోజుకు డబ్బు పక్కన పెట్టుకుని, కొనడం మాత్రం ఆట తీరు చూసి నిర్ణయించుకోవాలి.

మధ్యలోని రోజుల విలువ చెప్పడానికి అదే మెల్‌బోర్న్ మ్యాచ్ మూడో రోజు చాలు. డిసెంబరు 28న ఫాలోఆన్ (వెంటనే మళ్లీ బ్యాటింగ్‌కు దిగాల్సి రావడం) గండం ఎదురుగా ఉండగా దిగిన విశాఖపట్నం కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి, వాషింగ్టన్ సుందర్‌తో ఎనిమిదో వికెట్‌కు 127 పరుగులు జోడించాడు. తాను 99 దగ్గర ఉండగా అవతలి వైపు బుమ్రా అవుటైతే, చివరి బ్యాట్స్‌మన్ సిరాజ్ కమిన్స్ వేసిన మూడు బంతులను కాచుకున్నాడు. ఆ తర్వాతి ఓవర్లో నితీశ్ బౌండరీతో శతకం పూర్తి చేశాడు. స్టాండులో అతని తండ్రి కళ్లనీళ్లు పెట్టుకున్న దృశ్యాన్ని టీవీలో అందరూ చూశారు. మొదటి రోజు సంరంభం కోసం అక్కడికి వెళ్లి, మూడో రోజు షాపింగుకు తిరిగినవారి సంగతి ఊహించుకోవచ్చు.

సీటు ఎంచుకునేటప్పుడు మనవారు సాధారణంగా పొరబడే విషయం ఎండ దిశ. మనకు డిసెంబరులో సూర్యుడు దక్షిణానికి వాలి నడుస్తాడు; అక్కడ ఉత్తరం వైపుగా సాగుతాడు. మెల్‌బోర్న్‌లో దక్షిణాన ఉన్న షేన్ వార్న్ స్టాండులో కింది వరుసలలో కూర్చున్నవారికి మధ్యాహ్నపు ఎండ ఎదురుగా కొడుతుంది; సాయంత్రమయ్యేసరికి తూర్పు వైపు కూర్చున్నవారి కళ్లలో పడుతుంది. పిల్లలతోను, పెద్దవారితోను వెళ్లేవారు కొంత ఎక్కువ పెట్టి అయినా పై అంతస్తులో కప్పు కింద సీటు కొనాలి. ఆట చూడటానికే వెళ్లేవారికి బౌలర్ వెనుక వైపు నుంచి చూస్తే బంతి కదలిక తెలుస్తుంది. పక్కనుంచి చూస్తే బౌన్స్, వేగం తెలుస్తాయి. మెల్‌బోర్న్ మైదానం లక్ష మంది పట్టే విశాలమైన గిన్నెలాంటిది కాబట్టి, ఎక్కడ కూర్చున్నా చిన్న బైనాక్యులర్ ఉండాల్సిందే. 2024–25లో భారత అభిమానుల కోసం ప్రత్యేక విభాగాలు కేటాయించారు. భారత్ ఆర్మీ, స్వామి ఆర్మీ వంటి అభిమాన బృందాల డోళ్లు, పాటలు కావాలనుకునేవారికి అలాంటి చోటు బాగుంటుంది. ప్రతి బంతినీ నిశ్శబ్దంగా చదువుకోవాలనుకునేవారు అక్కడికి దూరంగా కొనుక్కోవడం ఇరుపక్షాలకూ క్షేమం.

ఆట రోజున కాలపట్టిక ఇలా ఉంటుంది. మెల్‌బోర్న్, సిడ్నీలలో పగటి టెస్టు స్థానిక కాలం ప్రకారం ఉదయం 10:30కు, అంటే మన గడియారంలో తెల్లవారుజామున 5 గంటలకు మొదలవుతుంది. పన్నెండున్నరకు నలభై నిమిషాల లంచ్, మూడు గంటల పది నిమిషాలకు ఇరవై నిమిషాల టీ విరామం ఉంటాయి; ఓవర్లు మిగిలితే ఐదున్నర తర్వాత మరో అరగంట ఆడిస్తారు. విరామంలో తినుబండారాల దుకాణాల ముందు వరుసలు చాలా పొడవుగా ఉంటాయి, కాబట్టి విరామానికి పావుగంట ముందే లేవాలి. అయితే ఎనభై ఓవర్లు దగ్గరపడుతున్నప్పుడు మాత్రం లేవకూడదు. అక్కడ వాడే కూకబురా కంపెనీ బంతి మొదటి ఇరవై ఓవర్ల తర్వాత మెత్తబడి పెద్దగా కదలదు. అందుకే ఎనభై ఓవర్ల తర్వాత రెండో కొత్త బంతి తీసుకున్నాక వచ్చే గంటలో మ్యాచ్ తరచుగా మలుపు తిరుగుతుంది. శాకాహారులకు లోపల దొరికేవి పరిమితం. గాజు సీసాలు, మద్యం లోనికి రానివ్వరు గాని ఇంటి నుంచి తెచ్చుకున్న ఆహారానికి అభ్యంతరం లేదు. పులిహోర డబ్బా నిశ్చింతగా పట్టుకెళ్లవచ్చు. వెడల్పాటి అంచు ఉన్న టోపీ, ఎస్‌పీఎఫ్ 50 సన్‌స్క్రీన్, వాటితోపాటు ఒక పలచని జాకెట్ కూడా ఉండాలి. మెల్‌బోర్న్‌లో మధ్యాహ్నం మాడ్చే ఎండ సాయంత్రానికి చలిగాలిగా మారడం మామూలే. రేడియో వ్యాఖ్యానం వినాలనుకునేవారికి చిన్న రేడియో మంచిది, ఎందుకంటే ఫోన్ యాప్‌లో వచ్చే వ్యాఖ్యానం ఆట కంటే వెనకబడి వినిపిస్తుంది.

ఆటగాళ్లను నెట్స్‌లో దగ్గరగా చూడవచ్చన్న ఆశ పెట్టుకోవద్దు. 2024 డిసెంబరులో అడిలైడ్‌లో అభిమానులను సాధనకు అనుమతించినప్పుడు జనం విరగబడి, కొందరు ఆటగాళ్లను ఉద్దేశించి అసభ్యంగా అరవడంతో, ఆ సిరీస్‌లో తర్వాతి సాధనలకు ప్రేక్షకులను రానివ్వలేదు. మనవారు చేసిన పని ఫలితం మనవారే అనుభవించారు. గ్యాలరీలలో ఎదురయ్యే దురుసుతనానికి మరో కోణం కూడా ఉంది. 2021 జనవరిలో సిడ్నీలో ప్రేక్షకుల నుంచి తనపై జాత్యహంకార దూషణలు వచ్చాయని సిరాజ్ అంపైర్లకు ఫిర్యాదు చేయగా ఆట కాసేపు ఆగింది, ఆరుగురిని బయటకు పంపారు. మీకు అలాంటిది ఎదురైతే వాదనకు దిగకుండా వెంటనే స్టివార్డ్‌కు (గ్యాలరీలో ఉండే సిబ్బందికి) చెప్పాలి. స్టేడియంలో ప్రదర్శించే నంబరుకు సీటు నంబరుతో సందేశం పంపినా సిబ్బంది వస్తారు.

ప్రయాణ సామగ్రిలో ఎక్కువ జాగ్రత్త అవసరమైనది ఆహారం. ఆస్ట్రేలియా జీవభద్రతా నిబంధనలు చాలా కఠినమైనవి. విమానంలో ఇచ్చే ప్రయాణికుల కార్డులో ఆవకాయ, పొడులు, అప్పడాలు, మిఠాయిలు ఏవి ఉన్నా 'అవును' అని రాయాలి. రాసి చూపిస్తే మహా అయితే ఆ వస్తువు తీసేసుకుంటారు. రాయకుండా దొరికితే భారీ జరిమానా పడుతుంది. పాలతో చేసిన మిఠాయిలు, విత్తనాలు, పచ్చి కరివేపాకు అసలే తీసుకుపోకపోవడం ఉత్తమం. మెల్‌బోర్న్‌లో పాయింట్ కుక్, టార్నీట్ వైపు, సిడ్నీలో హారిస్ పార్క్, వెంట్‌వర్త్‌విల్ వైపు భారతీయ దుకాణాలలో ఇంచుమించు అన్నీ దొరుకుతాయి. హోటల్ ఖర్చు తగ్గించుకోవాలనుకునేవారు ఆ ప్రాంతాలలో బస చూసుకుని రైల్లో నగరానికి రావచ్చు. మెల్‌బోర్న్ మైదానానికి రిచ్‌మండ్, జోలిమాంట్ స్టేషన్లు రెండూ దగ్గర. సిడ్నీలో సెంట్రల్ నుంచి లైట్ రైల్లో మూర్ పార్క్ స్టాపులో దిగాలి.

డిసెంబరు 24కల్లా మెల్‌బోర్న్ చేరుకోవాలి. క్రిస్మస్ రోజున చాలా దుకాణాలు, భోజనశాలలు మూసి ఉంటాయి, కనుక ఆ రోజుకు, మరుసటి ఉదయానికి కావలసినవి ముందే కొనిపెట్టుకోవాలి. టెస్టు ముగిసిన వెంటనే సిడ్నీకి పరిగెత్తడం కూడా తెలివైన పని కాదు: డిసెంబరు 31న హార్బర్ బాణసంచా కోసం ప్రపంచమంతా అక్కడే చేరుతుంది, గది అద్దెలు ఆకాశాన్నంటుతాయి. బాణసంచా మీద మోజు లేనివారు జనవరి 1 దాకా మెల్‌బోర్న్‌లోనే ఉండి, మైదానంలోని ఆస్ట్రేలియన్ స్పోర్ట్స్ మ్యూజియాన్నీ, కారమ్ డౌన్స్‌లోని శివ విష్ణు ఆలయాన్నీ చూసుకుని బయలుదేరవచ్చు. విమానంలో గంటన్నర పడుతుంది, రైల్లో దాదాపు పదకొండు గంటలు.

సిడ్నీలో మూడో రోజు సంప్రదాయంగా జేన్ మెక్‌గ్రాత్ డే, అంటే రొమ్ము క్యాన్సర్‌తో మరణించిన, బౌలర్ గ్లెన్ మెక్‌గ్రాత్ భార్య జేన్ స్మారక దినం. క్యాన్సర్ బాధితుల సహాయార్థం గ్యాలరీలన్నీ గులాబీ రంగుతో నిండుతాయి, కాబట్టి ఆ రోజుకు ఆ రంగు చొక్కా ఒకటి సర్దుకోవాలి. లక్ష్మణ్ 2000లో 167, 2004లో 178 చేసిన మైదానమిది. పాత మెంబర్స్ పెవిలియన్ ఇప్పటికీ అలాగే ఉంది. తిరుగు టికెట్‌ను ఐదో రోజు మర్నాటికి తీసుకోవాలి. మ్యాచ్ ముందే ముగిస్తే ఆట జరగని రోజు టికెట్ డబ్బు వాపసు వచ్చే నిబంధనలు ఉంటాయి, కొనేటప్పుడే వాటిని చదవాలి. హోటలు, విమానం డబ్బు మాత్రం రాదు. అలా మిగిలిన రోజులలో ఒకదాన్ని బౌరల్‌లోని బ్రాడ్‌మన్ మ్యూజియానికి కేటాయించవచ్చు; మరొకటి ఉంటే సిడ్నీకి దక్షిణాన హెలెన్స్‌బర్గ్ కొండలలో ఉన్న వేంకటేశ్వరస్వామి ఆలయానికి వెళ్లవచ్చు. అక్కడికి స్టేషన్ నుంచి కొంత దూరం ఉంటుంది కనుక కారు ఉన్నవారిని తోడు తీసుకెళ్లడం సుఖం.