కాకరపువ్వొత్తి పట్టుకున్నవాళ్ల మొహం ఫొటోలో కనిపించాలంటే

దీపావళి రాత్రి బెజవాడలో ఏ ఇంటి వాట్సాప్ గ్రూపు తెరిచినా ఇవే ఫొటోలు: మధ్యలో తెల్లటి ముద్ద, వెనక చీకట్లో ఎవరో. ఆ వెలుగు పడి మెరిసే మొహం కోసమే కదా మనం ఫోన్ పైకెత్తింది. అందుకే ఇక్కడ ప్రతి సమస్యనీ మొహం వైపు నుంచే చూద్దాం.

నిప్పు తెల్లటి ముద్ద, మొహం నల్లగా

అమావాస్య కాబట్టి వెన్నెల ఉండదు. చుట్టూ చీకటే కనిపించేసరికి ఫోన్ వెలుగు పెంచేస్తుంది, నిప్పు ముద్దయిపోతుంది. పోనీ అని నిప్పు మీద వేలు నొక్కితే మొహం నల్లబడుతుంది. మొహం మీదే వేలు నొక్కి పట్టుకోండి. చాలా ఫోన్లలో ఫోకస్, ఎక్స్‌పోజర్ (ఫొటోలోకి వచ్చే వెలుగు మోతాదు) లాక్ అవుతాయి. తర్వాత పక్కన కనిపించే సూర్యుడి గుర్తును, బుగ్గల రంగు సహజంగా కనిపించేదాకా మెల్లగా కిందికి లాగండి. నిప్పు నడిమధ్య తెల్లగానే ఉంటుంది, ఉండనివ్వండి.

అయినా మొహం చీకటిగానే ఉంటే లోపం చెయ్యి ఉన్న చోటులో ఉంది. ఒత్తిని తలకన్నా పైకెత్తినా, వెనక్కి పట్టుకున్నా మొహానికి వెలుగు అందదు. చెయ్యి చాచి, ఛాతీ ఎత్తులో, కొంచెం పక్కకి పట్టుకోమనండి. దూరం సగమైతే వెలుగు నాలుగు రెట్లవుతుంది. అలాగని మొహం దగ్గరికి తేనివ్వకండి, మండే కొన దగ్గర వేడి 1000 డిగ్రీలు దాటుతుంది. దానికన్నా మంచి దారి ఇద్దరిని నిలబెట్టడం. నాయనమ్మ, మనవరాలు చేతులు తగలనంత ఎడంగా ఎదురెదురుగా నిలబడితే ఒకరి వెలుగు ఇంకొకరి మొహం మీద పడుతుంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఫొటో ఇదే.

"ఇటు చూడమ్మా" అని మాత్రం పిలవకండి. పాప మీ వైపు చూస్తే చేతిలో నిప్పు ఎటు పోతోందో గమనించదు. నిప్పునే చూస్తున్న కళ్లు ఫొటోలోనూ బాగుంటాయి. నూలు బట్టలు, కాళ్లకి చెప్పులు, కాలిన చువ్వలు వేయడానికి బకెట్ నీళ్లు ఉన్నాకే కెమెరా తీయండి.

మొహం చెదిరిపోతోంది

నైట్ మోడ్ కొన్ని సెకన్లపాటు వరసగా తీసి, అన్నిటినీ కలుపుతుంది. పిల్లలు అంతసేపు కదలకుండా ఉండరు. అది ఆపేయండి. కెమెరా అయితే ఐఎస్ఓ (వెలుగుకి స్పందించే తీరు) 1600, అపర్చర్ (లెన్స్ తెరుచుకునే రంధ్రం) ఎఫ్/2, షట్టర్ (వెలుగు లోపలికి వచ్చే సమయం) సెకనులో 1/125 వంతు దగ్గర మొదలుపెట్టండి. 1/60కి దిగితే రవ్వలు పొడుగు గీతలవుతాయి, 1/500కి వెళ్తే చుక్కలవుతాయి. చిన్న ఒత్తి నిమిషం కూడా వెలగదు. కాబట్టి వెలిగించకముందే ఇంకో ఫోన్ టార్చి మొహం మీద పడేలా పట్టించి ఫోకస్ చేసుకుని, ఫోకస్ మళ్లీ మారకుండా మాన్యువల్ ఫోకస్‌కి మార్చేయండి.

అంతా పొగమంచులా ఉంది

సత్యనారాయణపురం లాంటి చోట ఇరుకు సందుల్లో పొగ ఒక పట్టాన కదలదు. ఫ్లాష్ వేస్తే ఆ పొగే తెల్లగా మెరుస్తుంది. ఫ్లాష్ ఆపి డాబా ఎక్కండి. గాలి మీకూ వాళ్లకూ అడ్డంగా వీచేలా నిలబడితే పొగ పక్కకి పోతుంది. అసలు త్వరగా మొదలుపెట్టడమే మేలు. దీపావళి రోజుల్లో ఇక్కడ ఐదున్నర దాటిన కాసేపటికే పొద్దు గుంకుతుంది. పిల్లలు దివిటీలు కొట్టే ఆరు గంటల వేళకి ఆకాశంలో ఇంకా నీలం మిగిలి ఉంటుంది, పొగ తక్కువ. ఎనిమిదికి ఆ రెండూ ఉండవు.

ఆకుపచ్చ చుక్కలు, మసక

మసకకి కారణం చాలాసార్లు లెన్స్ మీద నేతి వేళ్ల ముద్ర. మెత్తటి బట్టతో తుడవండి. చుక్కలు లెన్స్ లోపలి ప్రతిబింబాలు. లెన్స్ ముందు ఫిల్టర్ అద్దం ఉంటే తీసేయండి. ఫ్రేమ్ కొంచెం జరిపితే చుక్క మొహం మీద నుంచి చీకట్లోకి పోతుంది.

గాల్లో రాసిన పేరు తిరగబడింది

రాసేవాళ్లకి ఎడమవైపు మనకి కుడివైపు అవుతుంది. ఎడిట్‌లో అడ్డంగా ఫ్లిప్ చేస్తే చాలు. ట్రైపాడ్, ఐఎస్ఓ 100, ఎఫ్/8, ఐదారు సెకన్ల షట్టర్ సరిపోతాయి. రాసినవాళ్ల మొహం కూడా కావాలంటే ఫ్లాష్‌ని రియర్ కర్టెన్‌లో (షట్టర్ మూసుకునే ముందు వెలిగేలా) పెట్టి, చివరి అక్షరం అయ్యాక ఫ్లాష్ వెలిగేదాకా కదలొద్దని ముందే చెప్పండి.