తిరుపతిలో షాపింగ్ ఎలా చేయాలి? కలంకారీ చీర దగ్గర మోసపోకుండా

దర్శనం అయింది, రైలుకు ఇంకా రెండు గంటలుంది, అలా బజారుకు పోయొద్దాం అనుకునేవాళ్లు మా చుట్టాల్లోనే బోలెడుమంది. ఇంటికొచ్చి సంచి విప్పి చూపిస్తారు. ప్రతిసారీ అదే కథ: మిషన్ మీద అచ్చయిన చీరకు కలంతో బట్ట మీద చేత్తో బొమ్మలు గీసి రంగులు నింపే కలంకారీ ధర పెట్టి ఉంటారు. వాళ్ల మొహంలో సంతోషం చూసి నేను నోరెత్తలేను. కొనకముందే తెలిస్తే బాగుండని ఇది రాస్తున్నాను.

1. బయల్దేరే ముందు

బట్ట సంచి, కొంచెం చిల్లర చాలు. కొండ దిగిన రోజు మాత్రం కొనొద్దు. క్యూలో నిలబడి, నిద్రలేక ఉన్న కళ్లకు ఏ చీరైనా బాగానే ఉంటుంది. ఆ రాత్రి పడుకుని, మర్నాడు పొద్దున అంగళ్లు తీసే వేళకు పోండి. సాయంత్రం ట్యూబులైట్ల కింద చీర కొనకూడదు, అంతే.

2. బజారు పని ముందు

గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల వీధులు, గాంధీ రోడ్డు. పసుపు, కుంకుమ, గాజులు, దేవుడి పటాలు అన్నీ అక్కడే తీసుకోండి. ఇత్తడి దీపాలను తూకం వేయించి కొనండి. చూపుకు ఒకేలా ఉన్న రెండు దీపాల్లో ఒకటి రేకులా తేలిగ్గా ఉంటుంది.

బొమ్మల కొలువుకు ఎర్రచందనం బొమ్మల జంట కావాలంటే ఒక్క మాట. అసలు ఎర్రచందనం బరువైన చెక్క, నీళ్లలో వేస్తే మునుగుతుంది. అరచేతిలో దూదిలా అనిపిస్తే అది రంగు పూసిన మామూలు చెక్క. పైగా ఎర్రచందనం మీద ప్రభుత్వ ఆంక్షలున్నాయి, బిల్లు లేనిదే తీసుకోవద్దు. శ్రీకాళహస్తి వైపు మాధవమాలలో చెక్కే మామూలు కలప బొమ్మలూ చాలా బాగుంటాయి, వాటికి చందనం పేరు అక్కర్లేదు.

3. పెద్ద షోరూములు, డిపార్ట్‌మెంటల్ స్టోర్లు

పిల్లల బట్టలకు, రెడీమేడ్‌లకు ఇవే నయం. బేరం ఉండదు, సైజు కుదరకపోతే మార్చుకోవచ్చు. పట్టు చీరకు, అది అసలు పట్టేనని చెప్పే సిల్క్ మార్క్ ట్యాగ్ చూడండి. బంగారం కొంటే నగ మీద బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) గుర్తు, స్వచ్ఛత (22 క్యారెట్లకు 916), అక్షరాలూ అంకెలూ కలిసిన ఆరు స్థానాల హెచ్‌యూఐడీ కోడ్, మూడూ ఉండాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆ కోడ్ తప్పనిసరి. బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి అక్కడికక్కడే సరిచూసుకోండి.

4. కలంకారీ: ఇక్కడ తొందరపడొద్దు

ముందు అది ఎలా తయారవుతుందో తెలియాలి. తెలిస్తే కన్ను దానంతటదే పట్టేస్తుంది. తిరుపతి దగ్గరి శ్రీకాళహస్తిలో వేసే కలంకారీకి ముడి నూలు బట్టను కరక్కాయ, గేదె పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరబెడతారు. పాలలోని కొవ్వు వల్ల గీత గీసినప్పుడు రంగు పక్కకు పాకదు. వెదురు పుల్లకు ఉన్నో గుడ్డో చుట్టి దారంతో కడితే అదే కలం. ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో రోజుల తరబడి పులిసిన ద్రవంతో గీస్తే, కరక్కాయ పట్టిన బట్ట మీద అది నల్లగా మారుతుంది. ఎరుపు కావాల్సిన చోట పటిక నీళ్లు పూసి, రంగు నీళ్లలో ఉడికిస్తారు. ఆ తర్వాత ఉతుకు, ఎండ, మళ్లీ రంగు. ఒక్క చీర మీద వారాలు కూర్చుంటారు. ఈ కాళహస్తి చేతిపనికి 2005-06లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది.

ఇప్పుడు చీర చేతిలోకి తీసుకోండి. కొంగు ఒక్కటే చూసి ఆగిపోకండి, అందరూ చేసే తప్పు ఇదే. కొంగులో ఒక నెమలి దొరికితే, చీరంతా విప్పించి దాని జోడీని వెతకండి. రెండింటినీ పక్కపక్కన పెట్టి కన్ను, ముక్కు, ఈకల లెక్క పోల్చండి. చేత్తో గీసినవైతే ఎక్కడో ఒకచోట తేడా వచ్చి తీరుతుంది: ఒక ఈక పొట్టిగా ఉంటుంది, గీత మొదట్లో లావుగా మొదలై చివరకు సన్నబడుతుంది. రెండూ అచ్చుగుద్దినట్టు ఉంటే అది ప్రింటే.

రెండోది, తిరగేసి చూడండి. నూలు బట్టలో అసలు రంగు లోపలికి ఇంకుతుంది కాబట్టి వెనక కూడా బొమ్మ తెలుస్తుంది. స్క్రీన్ ప్రింట్‌లో వెనక వైపు తరచూ పాలిపోయి ఉంటుంది. పలచని పట్టు మీద ప్రింటు కూడా వెనక్కి దిగుతుంది, కాబట్టి పట్టు చీరకు ఈ పరీక్షను నమ్ముకోవద్దు, నెమళ్ల పోలికే చూడండి.

మూడోది రంగు. వీధిలోకి తెచ్చి వెలుతురులో చూడండి. ఇవ్వనంటే ఆ అంగడి వదిలేయండి. కరక్కాయ నలుపు, మంజిష్ఠ లాంటి వేళ్ల ఎరుపు, ఆవ రంగు పసుపు, నీలిమందు నీలం, అన్నీ కొంచెం అణిగి ఉంటాయి. మెరిసే గులాబీ, చిలకాకుపచ్చ కనిపిస్తే రసాయన రంగులు. చేత్తో గీసి రసాయన రంగులు నింపినవీ ఉన్నాయి. అవి చెడ్డవి కావు, కానీ ధర వేరే ఉండాలి.

మచిలీపట్నం దగ్గర పెడన వైపు చెక్క అచ్చులతో వేసేది కూడా కలంకారీయే, దానిలో బొమ్మ తిరిగి తిరిగి రావడం సహజం. దాన్ని అచ్చు కలంకారీ అని చెప్పి అమ్మితే నిశ్చింతగా కొనండి. కలంతో వేసిందని చెబితేనే గొడవ.

నా మాట వింటే తిరుపతిలో చూసి, కాళహస్తిలో కొనండి. బస్సెక్కితే గంట ప్రయాణం. పని చేసేవాళ్ల ఇంట్లోనే బట్ట పరిచి చూపిస్తారు, సగం వేసిన చీరలు కళ్లముందే ఉంటాయి. పద్మశ్రీ అందుకున్న జొన్నలగడ్డ గురప్పశెట్టి లాంటి కళాకారుల ఊరది. అంత తీరిక లేకపోతే ప్రభుత్వం నడిపే లేపాక్షి హస్తకళల షోరూముకు పోండి. ఎక్కడ కొన్నా బిల్లు మీద “చేత్తో వేసిన కలంకారీ” అని రాయించండి. రాయడానికి వెనకాడితే జవాబు దొరికినట్టే.

ఇంటికొచ్చాక మొదటి ఉతుకు విడిగా, చన్నీళ్లలో, కుంకుడు రసంతో చేయండి. పిండకుండా నీడన ఆరేయండి.