గుండె లయ మాత్రలు వాడుతున్నారా? ఇవి చూసుకోండి

ముందు ఒక మాట చెప్పేస్తాను. లయను సరిచేయడానికి ఇచ్చిన మందే ఒక్కోసారి కొత్తగా లయ తప్పిస్తుంది. బెదిరించడానికి చెప్పట్లేదు, ఇది తెలిస్తేనే డాక్టర్ ఇన్నిసార్లు ఈసీజీ ఎందుకు తీయిస్తున్నారో అర్థమవుతుంది.

గుండె కొట్టుకునేది కరెంటుతోనే. సోడియం, పొటాషియం, కాల్షియం కణాల్లోకి వస్తూ పోతూ ఉండటం వల్ల ఆ కరెంటు పుడుతుంది. ఫ్లెకైనైడ్ సోడియం దారిని కొంత మూస్తుంది, సోటలాల్, అమియోడరోన్ ముఖ్యంగా పొటాషియం దారిని, వెరపమిల్, డిల్టియాజెమ్ కాల్షియం దారిని. మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్లు అడ్రినలిన్ జోరును అణుస్తాయి. మీ స్ట్రిప్ మీద ఏ పేరుందో చూసి, ఇది వేగం తగ్గించడానికా, లయ నిలబెట్టడానికా అని డాక్టర్ని అడగండి. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో, అంటే గుండె పై గదులు లయ తప్పి అడ్డదిడ్డంగా కొట్టుకునే జబ్బులో, వేగానికి మాత్రమే మందు ఇస్తే, నాడి నెమ్మదించినా ఎగుడుదిగుడుగానే ఉండొచ్చు. పని చేయట్లేదనుకుని చాలామంది మానేసేది ఇక్కడే. బీటా బ్లాకర్ ఉన్నట్టుండి ఆపితే దడ, ఛాతీ నొప్పి తిరగబెట్టొచ్చు.

పాత జబ్బులేవీ దాచకండి, ముఖ్యంగా గుండెపోటు. అది వచ్చినవాళ్లలో అదనపు స్పందనలు అణచడానికి ఫ్లెకైనైడ్, ఎన్‌కైనైడ్ ఇచ్చి చూస్తే ఈసీజీ చక్కబడింది గానీ చావులు పెరిగాయని 1989లో బయటపడింది. అప్పట్నుంచి అలాంటివాళ్లకి ఫ్లెకైనైడ్ ఇవ్వరు.

సోటలాల్‌ది ఇంకో తంటా. అది ఈసీజీలో క్యూటీ అనే వ్యవధిని, అంటే ఒక్కో స్పందనకు గుండె కింది గదుల్లో కరెంటు పుట్టి మళ్లీ సర్దుకునే సమయాన్ని, సాగదీస్తుంది, మరీ సాగితే ప్రాణం మీదికి తెచ్చే లయ మొదలవుతుంది, అందుకే చాలాసార్లు ఆసుపత్రిలో ఉంచి మొదలుపెడతారు. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే, లేదా నీరు తీసే మాత్రలు మొదలైతే పొటాషియం పడిపోయి ప్రమాదం పెరుగుతుంది, వెంటనే ఫోన్ చేయండి. అజిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ లాంటి మామూలు యాంటీబయాటిక్స్ కూడా క్యూటీని సాగదీస్తాయి. దగ్గుకో జలుబుకో వెళ్లినా సరే, మీ మందుల జాబితా ముందు చూపించి ఆ తర్వాతే కొత్త మాత్ర తీసుకోండి.

అమియోడరోన్ బాగా పనిచేస్తుంది, కానీ నా లెక్కలో దీనికున్నంత నిఘా మరే లయ మందుకీ అక్కర్లేదు. ఇందులో అయోడిన్ ఎక్కువ, అందుకే థైరాయిడ్ ఎటైనా తిరగొచ్చు, అతిగానైనా తక్కువగానైనా పనిచేయొచ్చు. కాలేయం, కళ్లు, చర్మం, ఊపిరితిత్తులు కూడా దెబ్బతినొచ్చు. సాధారణంగా ఆరు నెలలకోసారి థైరాయిడ్, కాలేయ పరీక్షలు చేయిస్తారు, బాగానే ఉన్నాం కదా అని వాటిని ఎగ్గొట్టకండి. పొడి దగ్గు, ఆయాసం కొత్తగా వస్తే వయసు మీదికి నెట్టేయొద్దు. ఎండలో చర్మం త్వరగా కమిలిపోతుంది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడుతుంటే అమియోడరోన్ దాని బలం పెంచుతుంది, రక్తస్రావం కావచ్చు, కాబట్టి వార్ఫరిన్ డోస్ మళ్లీ చూడాలి. అమియోడరోన్ ఆపేసినా వారాలు, నెలల తరబడి ఒంట్లోనే ఉంటుంది.

ఇంట్లో రోజూ ఒకసారి నిమిషం నిండా నాడి లెక్కపెట్టి రాసుకోండి, ఎంతకు తగ్గితే ఫోన్ చేయాలో డాక్టర్ని ముందే అడిగి పెట్టుకోండి. డోస్ మర్చిపోతే తర్వాత రెండు కలిపి వేసుకోవద్దు. స్పృహ తప్పినా, కళ్లు తిరిగి పడబోయినా, ఛాతీ నొప్పితో దడ వచ్చినా ఇంకో మాత్ర మింగి చూద్దామనుకోకుండా అంబులెన్స్ పిలవండి, మందుల స్ట్రిప్పులు మాత్రం వెంట తీసుకెళ్లండి.